పక్కింట్లో ఎవరుంటారు?

తూర్పు కనుమల అడవుల్లో తిరిగే వారికి ముషిణి చెట్టు కొత్తది కాదు. నారింజ రంగు పండు, లోపల చొక్కా బొత్తాంలాగా చదునుగా ఉండే గింజ. ఆయుర్వేదం ఆ గింజను శుద్ధి చేసి విషముష్టి పేరుతో మందుల్లో కలిపింది. శుద్ధి చెయ్యని గింజ ఎలుకలనూ కుక్కలనూ చంపడానికి పనికొచ్చింది. అందులో ఉన్న విషం పేరు స్ట్రిక్నిన్. 1818లో పారిస్‌లో పెల్టియే, కావాంటూ అనే ఇద్దరు ఫార్మసిస్టులు ముషిణికి దగ్గరి చుట్టమైన ఒక ఫిలిప్పీన్స్ గింజ నుంచి దాన్ని మొదటిసారి వేరు చేశారు.

స్ట్రిక్నిన్ అణువులో ఏమేం ఉన్నాయో తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 21 కార్బన్లు, 22 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 2 ఆక్సిజన్లు అని 1838లోనే లెక్క తేలింది. మొత్తం 47 పరమాణువులు. మరి వాటిలో ఏది ఏదాన్ని పట్టుకుని ఉంది? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో రాబర్ట్ రాబిన్సన్ సరైన జవాబు చెప్పేసరికి 1946 వచ్చింది. గింజలోంచి విషం బయటికి తీసిన నాటి నుంచి లెక్కేస్తే 128 ఏళ్లు.

అంతకాలం ఎందుకు పట్టిందంటే, అప్పట్లో అణువు కట్టుబడి తెలుసుకోవడానికి ఉన్న ప్రధానమైన దారి దాన్ని పగలగొట్టడమే. ఆమ్లంలో ఉడకబెట్టాలి, క్షారంతో కలపాలి, జింకు పొడితో కాల్చాలి. రాలిపడిన ముక్కలు ఏమిటో గుర్తుపట్టి, అవి మొదట ఎలా అతుక్కుని ఉండేవో ఊహించాలి. మండువా ఇల్లు ఎలా కట్టారో తెలుసుకోవడానికి దాన్ని కూల్చేసి, కుప్పలో దూలాలూ పెంకులూ లెక్కపెట్టడం లాంటి పని ఇది. జర్మనీలో హెర్మన్ లాయిక్స్ అనే రసాయన శాస్త్రవేత్త నలభై ఏళ్ల పాటు ఈ ఒక్క కుటుంబపు అణువులనే పగలగొడుతూ వందకు పైగా పత్రాలు రాశాడు. తుది జవాబు మాత్రం ఆయన చేతికి అందలేదు.

ఇవాళ అదే స్ట్రిక్నిన్‌ను కొన్ని మిల్లీగ్రాములు గాజు గొట్టంలో వేసి ఒక యంత్రంలోకి దించితే, రాత్రి గడిచి తెల్లారేసరికి ఏ పరమాణువు పక్కన ఏది ఉందో చెప్పడానికి సరిపడా సమాచారం కంప్యూటర్‌లో ఉంటుంది. పొడి ఎలా వెళ్లిందో అలాగే తిరిగి వస్తుంది. ఒక్క అణువు కూడా విరగదు.

ఆ యంత్రం చేసే పని పేరు న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ. తెలుగు పాఠ్యపుస్తకాల్లో కేంద్రక అయస్కాంత అనునాదం. ల్యాబుల్లో అందరూ అనేది ఎన్నెమ్మార్. ఆస్పత్రిలో చేసే ఎమ్మారై స్కాన్ దీని తోబుట్టువే. ఒకే సూత్రం, వేరే ఉద్యోగం. స్కాన్ పేరులోంచి ‘న్యూక్లియర్’ అనే మాటను తీసేశారు. అణుబాంబు గుర్తొచ్చి రోగులు బెదరకూడదని. నిజానికి రెండింటిలోనూ రేడియోధార్మికత ఏమీ లేదు.

హైడ్రోజన్ కేంద్రకం, అంటే ఒంటరి ప్రోటాన్, చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే, వేగం తగ్గిన బొంగరం తల తిప్పినట్టు ఆ క్షేత్రం చుట్టూ తల తిప్పుతుంది. ఎంత వేగంగా తిప్పుతుందన్నది క్షేత్రం బలాన్ని బట్టి ఉంటుంది: 1 టెస్లా దగ్గర సెకనుకు 4 కోట్ల 26 లక్షల సార్లు. సెకనుకు సరిగ్గా అన్నిసార్లే ఊగే రేడియో తరంగం వచ్చి తగిలితే కేంద్రకం ఆ శక్తిని పుచ్చుకుంటుంది. తరంగం ఆగాక తిరిగి సన్నని సంకేతం ఇస్తుంది. ఊయలను సరైన సమయంలో తోస్తేనే ఊగడం ఎక్కువవుతుంది కదా, అలాంటిదే. ల్యాబుల్లో ‘నాలుగొందల మెషీన్’ అని పిలిచే దానిలోని అయస్కాంతం బలం 9.4 టెస్లాలు, భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు రెండు లక్షల రెట్లు. ఆ క్షేత్రంలో ప్రోటాన్ పలికేది 400 మెగాహెర్ట్జ్ దగ్గర. పాతకాలపు 100 మెగాహెర్ట్జ్ యంత్రాలైతే మన ఎఫ్‌ఎం స్టేషన్లున్న మేరలోనే పనిచేసేవి.

ఈ సంకేతాన్ని పట్టుకున్న తొలి ఘనపదార్థం కొవ్వొత్తి మైనం. 1945 డిసెంబరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగు నెలలు కాలేదు. రాడార్ల మీద పనిచేసిన ఎడ్వర్డ్ పర్సెల్, రాబర్ట్ పౌండ్, హెన్రీ టోరీ అమెరికాలోని హార్వర్డ్‌లో, విశ్వకిరణాల పరిశోధన కోసం కట్టిన పాత అయస్కాంతాన్ని అడిగి వాడుకున్నారు. మైనంలో హైడ్రోజన్ దండిగా ఉంటుంది కనుక దాన్ని ఎంచుకున్నారు. మొదటి రాత్రి ఏమీ కనిపించలేదు. రెండో ప్రయత్నంలోనూ గంటల తరబడి ఏమీ లేదు. ఇక మూసేద్దాం అనుకుంటూ చివరిసారిగా కరెంటును గరిష్ఠానికి పెంచి మెల్లగా తగ్గిస్తుంటే మీటరు ముల్లు కదిలింది. అయస్కాంతం బలాన్ని వాళ్లు కొద్దిగా తప్పు లెక్క వేసుకున్నారు, అంతే. కొన్ని వారాల తేడాతో స్టాన్‌ఫర్డ్‌లో ఫీలిక్స్ బ్లాక్ బృందం నీటిలో ఇదే సంకేతాన్ని పట్టుకుంది. 1952లో పర్సెల్, బ్లాక్‌లకు కలిపి భౌతిక శాస్త్రపు నోబెల్ ఇచ్చారు. ఆ మొదటి చలికాలంలో తన గుమ్మం ముందున్న మంచును కొత్త కళ్లతో చూశానని పర్సెల్ నోబెల్ ప్రసంగంలో చెప్పుకున్నాడు: ఆ కుప్ప నిండా ప్రోటాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో నిశ్శబ్దంగా తల తిప్పుతూ ఉన్నాయి మరి.

వీళ్లెవరూ రసాయన శాస్త్రం కోసం ఈ పని మొదలుపెట్టలేదు. కేంద్రకాల అయస్కాంత గుణాన్ని కచ్చితంగా కొలవాలన్నది భౌతిక శాస్త్రవేత్తల కోరిక. అందుకే 1950 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో ప్రాక్టర్, యూ అనే ఇద్దరికి దక్కిన ఫలితం వాళ్లకు తలనొప్పిగా తోచింది. నైట్రోజన్‌ను కొలవడానికి వాళ్లు అమ్మోనియం నైట్రేట్ తీసుకున్నారు. నీటిలో బాగా కరుగుతుంది, సంకేతం గట్టిగా వస్తుంది. ఒక గీత రావలసిన చోట రెండు వచ్చాయి. ఆ ఉప్పులో నైట్రోజన్ రెండు చోట్ల ఉంటుంది: అమ్మోనియంలో ఒకటి, నైట్రేట్‌లో ఒకటి. కేంద్రకం ఒకటే అయినా, అది ఉన్న ఇల్లు వేరైతే పలికే స్వరం వేరవుతోంది. కొలతకు ఇదేదో రసాయన శాస్త్రపు అడ్డంకి అని భౌతిక శాస్త్రం విసుక్కుంది. రసాయన శాస్త్రానికి అది నిధి.

ఆ నిధి ఎంతటిదో 1951లో అదే స్టాన్‌ఫర్డ్‌లో ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకార్డ్ చూపించారు. వారిలో శ్రీనివాస్ ధర్మట్టి భారతీయుడు. తర్వాత ముంబైకి తిరిగొచ్చి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఎన్నెమ్మార్‌కు పునాది వేశాడు. ముగ్గురూ కలిసి యంత్రంలో పెట్టింది ఇథైల్ ఆల్కహాల్, అంటే సారాలో ఉండే సరుకే. ఒక్క గీతకు బదులు మూడు మిట్టలు వచ్చాయి. వాటి విస్తీర్ణాలు 1, 2, 3 నిష్పత్తిలో ఉన్నాయి. ఆ అణువులో ఆరు హైడ్రోజన్లు: ఆక్సిజన్‌ను పట్టుకున్నది ఒకటి, మధ్య కార్బన్ మీద రెండు, చివరి కార్బన్ మీద మూడు. అప్పటిదాకా రసాయన శాస్త్రవేత్తలు కాగితం మీద గీసుకుంటూ వచ్చిన బొమ్మను కేంద్రకాలే ఒప్పుకున్నట్టయింది.

ఇదే ఫార్ములా ఉన్న మరో పదార్థం డైమిథైల్ ఈథర్. అదీ రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజనే. కానీ అది మామూలు వేడిలో వాయువు. ఎవరూ గ్లాసులో పోసుకోలేరు. అందులో ఆక్సిజన్‌కు అటూ ఇటూ ఒకేలాంటి రెండు కార్బన్లు, ఒక్కోదాని మీద మూడేసి హైడ్రోజన్లు. ఆరింటికీ ఒకేలాంటి ఇల్లు కనుక ఎన్నెమ్మార్‌లో ఒకే ఒక్క గీత. అణువులోని పరమాణువుల లెక్క ఈ రెంటినీ వేరు చెయ్యలేదు. ఎన్నెమ్మార్ ఒక్క చూపులో వేరు చేస్తుంది.

తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రతి హైడ్రోజన్ కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్ల మబ్బు గొడుగులా ఉండి బయటి క్షేత్రాన్ని కాస్త అడ్డుకుంటుంది. పక్కన ఆక్సిజన్ లాంటి ఆశపోతు ఉంటే ఆ గొడుగును తన వైపు లాక్కుంటుంది. గొడుగు పలచబడిన హైడ్రోజన్‌కు క్షేత్రం గట్టిగా తగులుతుంది, దాని స్వరం కాస్త పైకి జరుగుతుంది. ఈ జరుగుడు పది లక్షల్లో కొన్ని వంతులే. అందుకే దాని కొలమానం పేరే పీపీఎం, పార్ట్స్ పర్ మిలియన్. టెట్రామిథైల్ సైలేన్ అనే పదార్థానికి సున్నా ఇచ్చి మిగిలినవన్నీ దాని నుంచి కొలుస్తారు. స్ట్రిక్నిన్‌లో బెంజీన్ వలయం మీదున్న నాలుగు హైడ్రోజన్లు 7 నుంచి 8 పీపీఎం ప్రాంతంలో కనిపిస్తాయి. వాటిలో ఒకటి 8.1 దాకా వెళ్లిపోతుంది, ఎందుకంటే దానికి చేరువలో ఆక్సిజన్ ఉన్న కార్బొనిల్ జంట ఉంది. పక్క కార్బన్‌తో జంట బంధం ఉన్న కార్బన్ మీది ఒంటరి హైడ్రోజన్ 5.9 దగ్గర నిలబడుతుంది.

యంత్రాలు మెరుగయ్యాక మరో వింత బయటపడింది: మిట్టలు మళ్లీ చీలిపోయి ఉన్నాయి. ఒక హైడ్రోజన్‌కు పక్క కార్బన్ మీద రెండు హైడ్రోజన్లుంటే దాని గీత మూడుగా చీలుతుంది, మూడుంటే నాలుగుగా. జనాభా లెక్కలకు వచ్చిన టీచరుకు ఇంటి యజమాని తన సంగతితో పాటు పక్కింట్లో ఎంతమంది ఉన్నారో కూడా చెప్పేసినట్టు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థులు డబ్లెట్, ట్రిప్లెట్, క్వార్టెట్ అంటూ తల పట్టుకునేది ఈ చీలికలతోనే. ఎన్నెమ్మార్ బలమంతా ఇక్కడే ఉంది. పరమాణువును ‘నువ్వెవరు’ అని అడిగే పరికరాలు చాలా ఉన్నాయి. ‘నీ పక్కన ఎవరు’ అని ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగేది ఇది.

చిక్కేమిటంటే, జవాబు చాలా మెల్లగా చెబుతుంది. అంత పెద్ద అయస్కాంతంలోనూ ప్రోటాన్లు ఇంచుమించు సమానంగా రెండు వైపులకూ చీలిపోయి ఉంటాయి. 400 మెగాహెర్ట్జ్ యంత్రంలో పది లక్షల ప్రోటాన్లకు సుమారు 32 మాత్రమే ఒక వైపు ఎక్కువ. మనకు వినిపించే సంకేతమంతా ఆ 32దే. మిగిలినవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కార్బన్ కథ ఇంకా కష్టం. మామూలు కార్బన్-12 అసలు పలకదు. పలికే కార్బన్-13 ప్రకృతిలో వందకు ఒకటి చొప్పునే ఉంది.

తొలి యంత్రాలు ఒక్కో స్వరాన్ని వరుసగా వెతుక్కుంటూ పోయేవి. టీచరు రిజిస్టరు తీసి పేరు పేరునా హాజరు వేసుకున్నట్టు. 1960ల మధ్యలో కాలిఫోర్నియాలోని వేరియన్ కంపెనీలో రిచర్డ్ ఎర్నెస్ట్, వెస్టన్ ఆండర్సన్ వేరే దారి తొక్కారు. క్లాసు మొత్తాన్నీ ఒకేసారి ‘ప్రెజెంట్ సార్’ అని అరవమంటే? ఆ గోలను రికార్డు చేసి, ఏ గొంతు ఎవరిదో ఫూరియే గణితంతో విడదీయవచ్చు. నిమిషాల పని సెకన్లలో అయిపోతుంది. మిగిలిన సమయంలో వందలసార్లు అరిపించి కలుపుకుంటే బలహీనమైన గొంతూ వినిపిస్తుంది. ఈ పద్ధతి గురించి రాసిన పత్రాన్ని ఒక పేరున్న రసాయన భౌతిక శాస్త్ర పత్రిక రెండుసార్లు తిప్పి పంపింది. చివరికి 1966లో వేరే పత్రికలో అచ్చయింది. ఎర్నెస్ట్‌కు 1991లో రసాయన శాస్త్రపు నోబెల్ వచ్చింది. ఆ వార్త ఆయనకు మాస్కో నుంచి న్యూయార్క్ వెళ్లే విమానంలో అందింది.

1971లో బెల్జియానికి చెందిన జాన్ జీనర్ యుగోస్లావియాలో ఒక వేసవి పాఠశాలలో ఇంకో ఆలోచన చెప్పాడు: స్వరాలను ఒక గీత మీద కాకుండా, పటంలా రెండు దిక్కులా పరిస్తే ఏది ఏదానితో మాట్లాడుతోందో చుక్కలుగా కనబడుతుంది కదా అని. దాన్ని ఆయన పత్రికకు రాయలేదు. అప్పటికి జూరిక్ చేరిన ఎర్నెస్ట్ ఆ ఆలోచనను అందుకుని పెంచాడు. ఆ దారిలో ఎర్నెస్ట్‌తోనూ, జూరిక్‌లోనే ఉన్న కూర్ట్ వ్యూత్రిక్‌తోనూ కలిసి పనిచేసినవారిలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అనిల్ కుమార్ ఉన్నాడు. 1980లో వాళ్లు చూపిన పద్ధతితో ప్రోటీన్లలో, బంధాలతో సంబంధం లేకుండా, ఒకదానికొకటి మీటరును వెయ్యి కోట్ల వంతులు చేస్తే అందులో ఐదు వంతుల లోపు దూరాన ఉన్న హైడ్రోజన్ జంటలను పట్టుకోవచ్చు.

ఆ దూరాలతో ఏం ఒరుగుతుందనిపించవచ్చు. ఆర్టీసీ బస్టాండు గోడ మీద ఊళ్ల మధ్య దూరాల పట్టిక ఉందనుకుందాం. గుంటూరుకు విజయవాడ ఇంత, విజయవాడకు ఏలూరు ఇంత, ఏలూరుకు గుంటూరు ఇంత. అలాంటివి వందలు దొరికితే, పటం ఎన్నడూ చూడనివాడైనా కాగితం మీద ఊళ్లను ఉండాల్సిన చోట పెట్టగలడు. వ్యూత్రిక్ చేసింది అదే. 1984లో ఎద్దు వీర్యద్రవంలోని ఒక చిన్న ప్రోటీన్‌కు ఇలా ఆకారం గీశాడు. చాలామంది నమ్మలేదు, అప్పటికే ఎక్స్-రేతో తెలిసిన చుట్టం ప్రోటీన్‌ను చూసి గీశాడేమో అని అనుమానించారు. అప్పుడు మ్యూనిక్‌లోని ఎక్స్-రే నిపుణుడు రాబర్ట్ హ్యూబర్‌తో ఒప్పందం కుదిరింది: టెండామిస్టాట్ అనే ప్రోటీన్‌ను ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా తేల్చాలి. రెండు బొమ్మలూ కలిశాయి. పరీక్ష హాల్లో దూరదూరంగా కూర్చుని ఒకే జవాబు రాసినట్టన్నమాట. 2002 రసాయన శాస్త్రపు నోబెల్‌లో సగం వ్యూత్రిక్‌కు దక్కింది.

ఇదంతా పరిశోధకుల వేడుక కదా, మామూలు మనిషికేమిటి అనేవారికి 2008 నాటి హెపారిన్ కథ చెప్పాలి. డయాలసిస్‌లోనూ గుండె ఆపరేషన్లలోనూ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ హెపారిన్. దాన్ని పంది పేగుల నుంచి తీస్తారు. ప్రపంచానికి కావలసిన ముడిసరుకులో పెద్ద భాగం చైనా నుంచి వచ్చేది. 2007 చివర్లో అమెరికాలో డయాలసిస్ చేయించుకుంటున్న పిల్లలకు ఇంజెక్షన్ ఇచ్చిన నిమిషాల్లోనే ముఖం వాచడం, బీపీ పడిపోవడం మొదలైంది. తర్వాతి నెలల్లో మరణాలు పదుల సంఖ్యకు చేరాయి. అప్పటికి అమల్లో ఉన్న పరీక్షలన్నీ ఆ మందును పాస్ చేశాయి. ఎందుకంటే ఆ పరీక్షలు ప్రధానంగా చూసేది రక్తం గడ్డకట్టడం ఆగిందా లేదా అని. ఆగింది.

ఎన్నెమ్మార్‌లో పెట్టాక గుట్టు తెలిసింది. మంచి హెపారిన్‌లో ఒక గుంపు హైడ్రోజన్లు 2.04 పీపీఎం దగ్గర పలుకుతాయి. అనుమానపు సీసాల్లో దానికి కాస్త ఎడంగా, 2.15 దగ్గర మరో మిట్ట. అక్కడ ఉండకూడనిది. కూపీ లాగితే అది అతిగా సల్ఫేట్ ఎక్కించిన కాండ్రాయిటిన్ అని తేలింది. జంతువుల మృదులాస్థి నుంచి చవగ్గా వచ్చే పదార్థానికి రసాయనికంగా మెరుగులు దిద్దితే హెపారిన్ వేషం కడుతుంది, రక్తాన్నీ గడ్డకట్టనివ్వదు. ప్రకృతిలో ఆ రూపంలో అది దొరకదు కనుక, పొరపాటున కలిసిందనడం కష్టం. చైనాలో పందులకు రోగం తగిలి హెపారిన్ ధర పెరిగిన రోజులవి. కల్తీ సరుకు పదకొండు దేశాల్లో బయటపడింది. ఆ తర్వాత అమెరికా ఔషధ ప్రమాణాల్లో హెపారిన్‌కు ఎన్నెమ్మార్ పరీక్ష చేర్చారు. వేషం ఎంత బాగా కట్టినా, పక్కింటివాళ్ల పేర్లు చెప్పమంటే దొరికిపోతారు.

మన దేశంలో ఎన్నెమ్మార్ పేరు వార్తల్లోకెక్కింది తేనె పుణ్యమా అని. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో ఎన్నెమ్మార్ చేయిస్తే 10 తప్పాయని ప్రకటించింది. కంపెనీలు ఖండించాయి. ఇక్కడ మాత్రం కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. తేనె ఒక్క అణువు కాదు, వందల అణువుల మిశ్రమం. దాని ముద్రను అసలు తేనెల ముద్రలతో పోల్చాలి కనుక, పోల్చడానికి ఎలాంటి తేనెలు పెట్టుకున్నామన్నదాని మీద తీర్పు ఆధారపడుతుంది. ఒకే అణువు కట్టుబడి చెప్పేటప్పుడున్నంత నిక్కచ్చితనం ఇక్కడ ఆశించకూడదు.

హైదరాబాద్‌లో ఈ యంత్రాలకు కొదవ లేదు. తార్నాకలోని ఐఐసీటీలో, పక్కనే ఉన్న సీసీఎంబీలో, గోపనపల్లి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పెద్ద అయస్కాంతాలున్నాయి. మందుల కంపెనీల్లో కొత్త అణువు తయారుచేసిన కెమిస్టుకు మొదట ఎదురయ్యే ప్రశ్న ‘శాంపిల్ ఎన్నెమ్మార్‌కి పంపావా’ అని. పని చూడ్డానికి ఆడంబరంగా ఉండదు. కలం రీఫిల్ కన్నా కాస్త లావైన, 5 మిల్లీమీటర్ల గాజు గొట్టం; అర మిల్లీలీటరు ద్రావకం. మామూలు క్లోరోఫామ్ వేస్తే దాని హైడ్రోజన్ల గోలలో శాంపిల్ గొంతు వినపడదు కనుక, హైడ్రోజన్‌కు బదులు బరువైన డ్యుటీరియం ఉన్న ఖరీదైన క్లోరోఫామ్ వెయ్యాలి. గదిలోకి వెళ్లేముందు పర్సు, ఫోను, తాళాలు బయట పెట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవారు లోపలికి వెళ్లకూడదు.

అయస్కాంతం ఎప్పుడూ ఆఫ్ కాదు. దాని తీగచుట్ట మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది; ఒకసారి ఎక్కించిన కరెంటు సరఫరాతో పనిలేకుండా ఏళ్ల తరబడి అందులో తిరుగుతూనే ఉంటుంది. బయటి పొరలోని ద్రవ నైట్రోజన్‌ను మామూలుగా వారానికోసారి నింపాలి. పండగ సెలవుల్లో కూడా ఎవరో ఒకరు వచ్చి నింపాల్సిందే. హీలియం కొరతొస్తే ల్యాబులకు నిద్ర పట్టదు. అతి పెద్ద యంత్రాల్లో ఒకటి 2020లో ఇటలీలోని ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయానికి చేరింది: 28.2 టెస్లాలు, ప్రోటాన్లు అందులో 1,200 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి.

కొత్త యంత్రం బిగించాక అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికీ, కొత్తగా చేరిన విద్యార్థులకు రెండు దిక్కుల పటాలు చదవడం నేర్పడానికీ చాలా ల్యాబుల్లో ఒక నమూనా పదార్థం వాడతారు. హైడ్రోజన్లు చాలామటుకు విడివిడిగా పలుకుతాయి, గట్టి పంజరంలాంటి అణువు, చవగ్గా దొరుకుతుంది. సీసా మీద విషం గుర్తుతో పాటు స్ట్రిక్నిన్ అని రాసి ఉంటుంది.